ముఖానికి సందు వదిలిన మంచం

మృత్యువును కాలితో తన్ని, తనను కౌగిలించుకున్న బాలుణ్ణి తన దగ్గరే నిలుపుకున్న పరమేశ్వరుడికి నమస్కారం. మా కులానికి మూలపురుషుడైన ఆ బాలుడు మార్కండేయుడికి నమస్కారం. తుంగభద్ర ఒడ్డున కొలువై, మా ఇంటి నూలును తరతరాలుగా ఒంటికి చుట్టుకుంటున్న అలంపూర్ అమ్మవారికి నమస్కారం. ఊపిరి పోసేది నీవే, దాన్ని వెనక్కు పిలిచేది నీవే. నిన్ను స్తుతించిన తర్వాతే నోరు తెరవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడ చెప్పబోయే సంగతికి మాత్రం, స్తుతి చేసిన తర్వాత కూడా నోరు పెగలడానికి చాలా కాలం పట్టింది.

మాది గద్వాల. మేము నేతవాళ్లం. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఆ నూలును, పట్టును మగ్గం మీదే పోగుకు పోగు మెలివేసి కలపాలి కాబట్టి ఒక మగ్గానికి ఇద్దరు కావాలి. ముప్పై ఏళ్లకు పైగా మా మగ్గం గుంటలో నాలుగు కాళ్లు ఉండేవి. రెండు మా అన్నవి, రెండు నావి. అన్న కుడివైపు, నేను ఎడమవైపు. శనివారం సాయంత్రం మాత్రం మగ్గం దిగి భజన మందిరానికి వెళ్లేవాళ్లం. పురాణం చదవడం నేను మా నాన్న దగ్గర, ఆ తర్వాత మందిరంలో పెద్దల దగ్గర నేర్చుకున్నాను. నేను చదివి అర్థం చెబుతుంటే అన్న తాళాలు వేసేవాడు.

“నువ్వెంత సదివినా తమ్మీ, జనం అచ్చేది నా తాళానికి, మీ వదినె చేసే పులిహోరకు,” అనేవాడు. వదిన పక్కనే ఉంటే, “తాళానికి ఎవ్వరు రారు, ఉత్త పులిహోరకే,” అనేది.

అన్నేళ్లు కుడి అంచు మీదే చూపు నిలిపి కూర్చోవడం వల్ల అన్న మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల ఒక్కటి తిప్పలేడు. నడుము నుంచి మనిషి మొత్తం తిరగాలి. “మంత్రిగారు సూడు, పిలిస్తే మొత్తం కాన్వాయ్ కదలాలె,” అని వదిన నవ్వేది. మా వీధిలో ఇలాంటి మెడలు చాలా ఉన్నాయి. వాటిని ఎవరమూ జబ్బు కింద లెక్క వేయం. చేతికి కాయలు కాసినట్టే మెడ కూడా పనికి తగ్గట్టు మారిందనుకుంటాం.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అన్నకు జ్వరం తగిలింది. మగ్గం మీద చీర సగంలో ఉంది. అయిదో రోజుకు ఆయాసం ఎక్కువైతే దవాఖానలో చేర్చాం. మంచం దొరికింది, ఆక్సిజన్ దొరికింది, దేవుడి దయ అనుకున్నాం. అక్కడి డాక్టరమ్మ చాలా చిన్న వయసు మనిషి. రోగులందరినీ బోర్లా పడుకోమని చెబుతోంది. అలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి అందుతుందట. వేలికి పెట్టే మీటర్‌లో అంకె పెరగడం అందరూ కళ్లతో చూస్తున్నారు. అన్న దగ్గర వదిన ఉంది. నేను ఇంటి దగ్గరి నుంచి అన్నం పంపుతున్నాను. మర్నాడు వదిన ఫోన్ చేసింది.

“మర్దీ, ఇంటున్నవా?”

“చెప్పు వదినె.”

“అందరు బోర్ల పండుతుండ్రు. మెడ జరసేపు అటు తిప్పుతరు, జరసేపు ఇటు తిప్పుతరు. ఈయనకు మెడ మల్లదు గద. ముక్కు పోయి దిండుల పడుతుంది. ఊపిరాడక లేసి కూసుంటుండు.”

“నుదురు కింద దుప్పటి చుట్టి పెట్టకపోయినవా?”

“అన్ని పెట్టిన. చుట్టలు పక్కకు జారుతున్నయి. పెద్ద దవాఖానల్ల ముఖం కాడ బొక్క ఉన్న బల్లలు ఉంటయట. గీడ లేవు. హైదరాబాద్ పోదమంటే ఆడ జాగనే లేదంటుండ్రు.” వెంటనే మళ్లీ అంది, “నీకు మగ్గం ఉంది. నవారు నెయ్యొస్తది. ముఖం పట్టేంత సందు ఇడిచి ఒక మంచం అల్లుకరారాదు?”

ఆలోచన ఆమెది. ఈ మాట గట్టిగా రాసిపెట్టాలి, ఎందుకంటే తర్వాత చాలామంది దాన్ని నాదిగా చెప్పుకున్నారు, నేను కూడా కొన్నిసార్లు ఊరుకున్నాను.

లాక్‌డౌన్ వల్ల పొద్దున పది దాటితే అంగళ్లు మూతపడుతున్నాయి. నవారు ఎక్కడా దొరకలేదు. వెనక వసారాలో మా నాన్న తువ్వాళ్లు నేసిన పాత మగ్గం ఒకటి ఉంది. దాని మీద లావు నూలుతో పడుగు వేసుకున్నాను. జానెడు వెడల్పు పట్టీలు, పేక నాలుగు పోగులు కలిపి దట్టంగా కొట్టాను. మా వీధి చివర వెల్డింగ్ దుకాణం ఆయన, నాకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు, ఇనుప గొట్టాల మంచం ఒకటి తెచ్చి కాళ్లు ఎత్తు చేశాడు. ముఖం కిందికి ఉంటుంది కదా, ఆక్సిజన్ గొట్టం నలగకూడదు, నర్సు వంగి ముఖం చూడగలగాలి. తల దగ్గర రెండు పట్టీల మధ్య అడుగు మేర ఖాళీ వదిలి, నుదురు ఆనడానికి ఒక సన్న పట్టీ, గడ్డం దగ్గర ఇంకొకటి కట్టాం. పొట్ట దగ్గర పట్టీలు వదులుగా, రొమ్ము దగ్గర, తుంటి దగ్గర బిగువుగా.

మొదట నేను పడుకుని చూశాను. పట్టీ నుదుటిని కోసింది. దానికి చీర అంచులు కత్తిరించగా మిగిలిన పట్టు ముక్కలు లోపల పెట్టి మెత్తగా కుట్టింది నా భార్య. తర్వాత వెల్డింగ్ ఆయన పడుకున్నాడు. ఆయన భారీ మనిషి.

“నన్ను ఆపిందంటే ఏనుగును పండవెట్టినా ఏం కాదన్నా,” అన్నాడు కిందికి చూస్తూనే. “గాని జర బిస్కెట్లు ఇయ్యి, ఈ సందుల నుంచి తింట.”

గంటసేపు బాగానే ఉంది. ఆ తర్వాత రొమ్ము కింద పట్టీ కుంగడం మొదలైంది. ఆయనకు చెమట పోసింది, పట్టీ తడిసింది, తడిసిన చోటల్లా సాగింది. తప్పు నాదే. పడుగు వేస్తే గంజి పెట్టడం మా చేతికి పుట్టుకతో వచ్చిన పని. చీర పోగులు తెగకుండా ఉండాలని పెడతాం. ఇక్కడ దాని అవసరమే లేదు, అయినా నేను ఆలోచించకుండా గంజి పట్టించాను. గంజి బిగువును నూలు బిగువు అనుకుని మంచం కట్టాను. చెమటకు గంజి కరిగిపోయింది. పట్టీలన్నీ విప్పి, వేడినీళ్లలో ఉడికించి, గంజి మొత్తం వదిలేదాకా ఉతికి, తడిగా ఉన్నప్పుడే మంచానికి లాగి కట్టాం. ఎండలో ఆరేకొద్దీ నూలు దగ్గరికి ముడుచుకుని డప్పుకు చర్మం లాగి కట్టినట్టు బిగుసుకుంది. రెండోసారి వెల్డింగ్ ఆయన గంటన్నర పడుకున్నాడు. ఈసారి నిద్రపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి మంచం సిద్ధమైంది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మగ్గం మీద కొత్త రకం ఏది నేసినా మొదటిది అమ్మవారిది. అలంపూర్ తీసుకెళ్లి అమ్మవారి ముందు పెట్టిన తర్వాతే రెండోది మనుషులకు. వరదలో అలంపూర్ మునిగిన ఏడాది కూడా, నీళ్లు తీసిన రెండో వారం, మా నాన్న మోకాలి లోతు బురదలో నడిచి కొత్త అంచు చీర ఇచ్చి వచ్చాడు. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అందుకే ఆ మధ్యాహ్నం నేను మంచానికి పసుపు బొట్టు పెట్టి గోడకు ఆనించాను. రేపు పొద్దున సడలింపు సమయంలో బయలుదేరి అమ్మవారికి చూపించి, అటు నుంచి అటే దవాఖానకు తీసుకెళ్లాలని నిర్ణయించాను.

నా భార్య అన్నం వడ్డిస్తూ, “దవాఖాన గీడనే ఉంది. ముందు గాడికి పోరాదు?” అంది.

“దేవునికి చూపియ్యకుండ అన్నను దాని మీద పండవెడ్తనా? ఇది అన్న ప్రాణం సంగతి.”

“దేవుడు యాడికి పోతడు? ఆడనే ఉంటడు.”

ఇంటి ఆడవాళ్లకు పురాణం అర్థం చెప్పేది నేను. కంచం ఖాళీ చేసి లేచాను. ఆచారం తప్పితే అన్నకు ఏదైనా అవుతుందని నాకు నిజంగా భయం వేసింది. ఆ భయాన్ని భక్తి అనుకున్నాను. 

నాలుగు గంటలకు వదిన ఫోన్ చేసింది. ఆమె గొంతు సన్నగా వినిపించింది.

“అయిందా మర్దీ?”

మంచం నా ఎదురుగా గోడకు ఆని ఉంది.

“ఇంక జర ఉంది వదినె. పట్టీలు ఆరాలె. రేపు తెస్త.”

“నిన్నటి సంది కూసునే ఉండు. పండుకుంటే దమ్ము ఆడుతలేదు, కూసుంటే నిద్ర పడుతలేదు. జర జల్ది సూడు.”

“సూస్త,” అన్నాను.

శనివారం వెల్డింగ్ ఆయన ట్రాలీ ఆటోలో మంచం కట్టుకుని బయలుదేరాం. వీధి మలుపు తిరగగానే ఆయన బండి ఆపి వెనక్కు చూశాడు.

“అన్నా, దవాఖాన గిటు దిక్కు. మనం గటు పోతున్నం.”

“తెలుసు. పోనియ్యి.”

ఆయన మా దేవుణ్ణి మొక్కే మనిషి కాదు. మా ఆచారం మీద మాట అనకూడదని బండి ముందుకు పోనిచ్చాడు. ఎర్రవల్లి చౌరస్తాలో పోలీసులు ఆపి, మంచం ఎవరిదని అడిగారు. రోగిదని చెప్పాం. “రోగి ఏడి?” అని అడిగాడు ఒక కానిస్టేబుల్. గద్వాల దవాఖానలో ఉన్నాడని చెబితే, మేము వచ్చిన దారి వైపు ఒకసారి చూసి, మా ముఖాలు చూసి, వదిలేశాడు.

గుడి తలుపులు భక్తులకు మూసి ఉన్నాయి. పూజ ముగించుకుని పక్క దారిలో ఇంటికి వెళ్తున్న పూజారిగారు కనిపించారు. మా నాన్న కాలం నుంచి మా ఇంటి చీరలు అందుకున్న మనిషి. దూరంగా నిలబడి విషయం చెప్పాను. ఆయన మాస్కు లోపలి నుంచి అడిగారు.

“ఇది ఎవరి కోసం నాయనా?”

“మా అన్న కోసం స్వామీ.”

“ఆయన ఎక్కడున్నాడు?”

“గద్వాలలో.”

“మరి ఇది ఇక్కడెందుకుంది?”

నేను ఆచారం గురించి ఏదో చెప్పబోయాను. ఆయన వినలేదు. “అమ్మ మంచం మీద పండుకోదు నాయనా. ఎవరికి చేశావో ఆయన దగ్గరికి తొందరగా పో,” అని చేతులు జోడించారు. అరవై ఏళ్ల బ్రాహ్మడు నాకు చేతులు జోడించాడు. తిరిగి వచ్చేటప్పుడు వెల్డింగ్ ఆయన బండిని ఎంత వేగంగా పోనిచ్చాడంటే వెనక మంచం తాళ్లు రెండు తెగాయి.

వార్డులోకి మంచం చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. అన్న కూర్చుని ముందుకు వంగి వదిన భుజం మీద తల ఆనించి ఉన్నాడు. రెండు రోజులుగా అలాగే ఉన్నాడట. పెదవులు నల్లబడ్డాయి. నలుగురం పట్టుకుని మెల్లగా బోర్లా పడుకోబెట్టాం. నుదురు పట్టీ మీద, గడ్డం పట్టీ మీద, ముఖం సందులో సరిగ్గా కూర్చుంది. గొట్టం కింద నుంచి పెట్టారు. డాక్టరమ్మ మీటర్ చూస్తూ నిలబడింది. అంకె ఒక్కొక్కటే పెరిగింది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అన్న ముఖం చూడాలంటే నేను మంచం కింద నేల మీద వెల్లకిలా పడుకోవాలి. పడుకున్నాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“ఏందిరా, గుంటల దిగినవా?”

“నీ కిందనే ఉన్న అన్నా. ఎట్లుంది?”

“మంచిగుంది.” ఊపిరి తీసుకుని, “నాలుగు పోగులు కొట్టినవా?”

“నాలుగు.”

“గట్టిగున్నది,” అన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాడు. నేను ఆ నేల మీదే చాలాసేపు ఉండిపోయాను. ఆయన ఊపిరి మాస్కు మీద ఆవిరిగా కనిపించి పోతోంది, కనిపించి పోతోంది.

ఆదివారం పది గంటలకు ఆయన గుండె ఆగింది.

డాక్టరమ్మను నేను పక్కకు పిలిచి అడిగాను, మంచం ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. “చెప్పలేనండి. ఈ జబ్బు ఎవరినైనా తీసుకుపోతోంది. కానీ ఆ రెండు రోజులు కూర్చుని కూర్చుని చాలా అలసిపోయారు. గుండె మీద ఆ భారం పడింది,” అంది. తర్వాత ఏదో గుర్తొచ్చి, “అదే కారణమని మాత్రం అనుకోకండి,” అంది. అన్నను ఎవరో ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకెళ్లారు. నా భుజం ఎక్కాల్సిన మనిషి నా భుజం ఎక్కలేదు.

ఆ మంచాన్ని ఆ రోజే కడిగి ఎండబెట్టి ఇంకొకరిని పడుకోబెట్టారు. మూడో రోజు డాక్టరమ్మ ఫోన్ చేసి, ఇంకా కావాలంది. మా వీధిలో ఆరు మగ్గాల మీద నవారు నేశాం, గంజి పెట్టకుండా. వెల్డింగ్ ఆయన తన దగ్గరున్న గొట్టాలన్నీ తెచ్చి మంచాలు కట్టాడు. కొన్ని వనపర్తికి, కొన్ని నాగర్‌కర్నూల్‌కు పంపాం. అక్కడి నర్సులు పొట్ట పట్టీకి విప్పి వదులు చేసుకునే మడత ఉంటే లావు మనుషులకు మంచిదని చెప్పి పంపితే అలాగే మార్చాం. ఆ మంచాల్లో ఏదీ అలంపూర్ వెళ్లలేదు. నేసిన వెంటనే బండెక్కాయి.

ఆ నెలల్లో నేను మందిరానికి వెళ్లలేదు. మందిరం ఎలాగూ మూసే ఉంది. ఇంట్లో పురాణం ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ప్రాణుల్లో ఉన్న తనను పట్టించుకోకుండా విగ్రహం ముందు చేసే పూజ తనకు చేరదని భగవంతుడు చెప్పే ఘట్టం ఒకటి ఉంది. కరోనాకు ముందు ఏడాది దాన్ని నేనే మందిరంలో చదివాను. మూడు వారాలు అర్థం చెప్పాను. బాగా చెప్పావని అందరూ మెచ్చుకున్నారు. అన్న తాళం వేశాడు. ఆ పుట దగ్గరికి రాగానే నా కళ్లు ముందుకు సాగేవి కావు.

జబ్బు తగ్గుముఖం పట్టిన తర్వాత పెద్దమందడి వైపు నుంచి రైతు కుటుంబానికి చెందిన ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వనపర్తి దవాఖానలో మా మంచం మీద తొమ్మిది రోజులు పడుకుని బతికిందట. గంపెడు పల్లికాయ తెచ్చింది. మంచం అంచు మీద ఊరు పేరు కుట్టి ఉంటే చదివించుకుని వచ్చానంది.

“నువ్వు నేసిన పట్టీ మీద నా నుదురు ఆనిచ్చిన అయ్యా. నువ్వు మంచిగుండు,” అంది. నా కాళ్లకు వంగబోతే పట్టుకుని ఆపాను. “నీకు పున్నెం తగుల్తది,” అంది.

ఆ మాట నేను మోయలేకపోయాను. ఆమె వెళ్లగానే వదిన దగ్గరికి వెళ్లాను. ఆమె పెద్ద మగ్గం మీద, కుడివైపు కూర్చుని ఉంది. సగంలో ఆగిన చీరను ఆమే పూర్తిచేస్తానని పట్టుబట్టి నేర్చుకుంటోంది. నేను ఎడమవైపు కూర్చోలేదు. నిలబడే చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నమే మంచం అయిపోయిందని, ఫోన్‌లో అబద్ధం ఆడానని, శనివారం అలంపూర్ వెళ్లానని. అంతా ఒకే ఊపిరిలో చెప్పాను.

ఆమె పేక పోగు తోసే నాడె కింద పెట్టింది. నా వైపు తిరిగింది.

“మీ అన్నను అడిగినా గదే అంటుండె,” అంది. “ముందు అమ్మకు చూపియ్యమంటుండె. మీరిద్దరు ఒక్కటే గద.”

నాకు కొంచెం ఊపిరి ఆడినట్టయింది. ఆమె ఆగలేదు.

“గాని నేను ఊకుందునా? ఆ మంచం నేను అడిగింది. నన్ను ఒక్క మాట అడగకపోతివి. అడిగితే నేనే అచ్చి నెత్తి మీద మోసుకపోదును. ఆయన అటు కూసోలేక, పండలేక నా భుజం మీద తల పెట్టి, తమ్ముడు తెస్తుండు, తమ్ముడు తెస్తుండు అనుకుంట ఉండె.”

ఆమె ఏడవలేదు. నాడె తీసుకుని, తప్పుపడిన పోగు ఒకటి విప్పి మళ్లీ వేసింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చాలాసేపటికి నేను నా చోట గుంటలోకి కాళ్లు దించాను. ఆమె వద్దనలేదు. ఆ చీర అలాగే, మాటలు లేకుండా, ముగిసింది. ఇప్పుడు మళ్లీ మాట్లాడుతుంది. పని గురించి, పిల్లల గురించి. అన్న గురించి మాత్రం నాతో మాట్లాడదు. మందిరం తెరిచారు. ఆమె రాదు. రమ్మని నేను పిలవను, పిలిచే హక్కు నాకు లేదనిపిస్తుంది.

నేను దేవుణ్ణి వదల్లేదు. నాకు ఇంకో దిక్కు లేదు. ఆయన నన్ను అలంపూర్ పిలవలేదని ఇప్పుడు నాకు తెలుసు. వదిన గొంతుతో రెండుసార్లు పిలిచాడు, నా భార్య గొంతుతో ఒకసారి, బండి నడిపే నా స్నేహితుడి గొంతుతో ఒకసారి పిలిచాడు. నాకు వినబడలేదు.

చదివేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. నాకు క్షమ దొరకాలని అడగవద్దు, అది నాకూ ఆ దేవుడికీ మధ్య ఉన్న సంగతి. ఇప్పుడు మీరున్న చోటే ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మీ దేవుణ్ణి మీ నోటికి అలవాటైన పేరుతో పిలిచి, నాతో పాటు ఈ నాలుగు మాటలు అనండి. తండ్రీ, మా వదినకు నీ మీద కోపం ఉంటే ఆ కోపాన్ని నీవే మొయ్యి, ఆమెకు నిద్ర ఇవ్వు. ఈ పూట ఏ వార్డులోనో ఊపిరి కోసం కూర్చుని ఉన్నవాళ్ల దగ్గరికి, వాళ్ల కోసం చేసిన వస్తువు దారిలో ఎక్కడా ఆగకుండా చేరేలా చూడు. దాన్ని మోస్తున్న చేతులకు దారి తెలిసేలా చెయ్యి.